2.6.18 కాలం డ్రైవర్‌ను 6.1 కెర్నల్ మీదికి తేవాలి: 8255 కార్డు, బండల ఫ్యాక్టరీ

పెన్నాగట్టు (తాడిపత్రి)

అందరికీ నమస్తే. మా ఊరి దగ్గర ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో కంప్యూటర్లు, కంట్రోల్ వైరింగ్ నేనే చూసుకుంటాను. అక్కడ కోత మిషన్లు, పాలిష్ లైను, నీళ్ల మోటర్లు అన్నీ ఒకే పాత పీసీ మీద నడుస్తున్నాయి. అందులో సెంట్ఓఎస్ 5 అనే పాత లినక్స్, అంటే 2.6.18 కెర్నల్ (లినక్స్ మూల భాగం). పీసీఐ స్లాట్‌లో 48 లైన్ల డిజిటల్ ఇన్‌పుట్ అవుట్‌పుట్ కార్డు ఉంది. సగం లైన్లు లిమిట్ స్విచ్‌లను చదువుతాయి, మిగతావి రిలేలను కొడతాయి.

రాతి దుమ్ముకు మదర్‌బోర్డు పోయింది. అదే మోడల్ పాత బోర్డు ఒకటి దొరికితే తగిలించి లైను నడుపుతున్నాం. అదీ ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. పీసీఐ స్లాట్ ఉన్న కొత్త ఇండస్ట్రియల్ బోర్డు తెప్పించాను కానీ దాని మీద సెంట్ఓఎస్ 5కు డిస్కే కనబడటం లేదు. అందుకే డెబియన్ 12 లినక్స్ వేశాను. కెర్నల్ 6.1.

కార్డు చేసిన కంపెనీ ఆ కార్డును ఎప్పుడో వదిలేసింది. సీడీలో డ్రైవర్ (కార్డును కెర్నల్‌తో మాట్లాడించే కోడ్) సోర్స్ ఉంది: ఒక సీ ఫైలు, ఒక హెడర్, ఒక మేక్‌ఫైల్. మేక్ కొడితే లైనుకొక ఎర్రర్. లినక్స్/కాన్ఫిగ్.హెచ్ లేదంటుంది, ఎస్ఏ_షిర్క్ తెలియదంటుంది, ఫైల్_ఆపరేషన్స్‌లో ఐఓసీటీఎల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కు ఆదేశాలిచ్చే దారి) అనే ఫీల్డ్ లేదంటుంది. ఇనిట్_టైమర్, ఇంటరప్టిబుల్_స్లీప్_ఆన్, __డెవ్‌ఇనిట్ కూడా అంతే. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ పోవాలా, మొత్తం కొత్తగా రాయాలా?

గండికోట64 (కడప)

తమ్ముడూ, ఎర్రర్ల వెంట పడకముందు నాలుగు సంగతులు చెప్పు. పీసీఐ కార్డుల వివరాలు చూపే ఎల్ఎస్‌పీసీఐకి -ఎన్ఎన్‌వీ ఇస్తే కార్డు గురించి ఏం వస్తోంది? సబ్‌సిస్టమ్ ఐడీతో సహా కావాలి. కార్డు మీది పెద్ద చిప్‌ల పేర్లు చదువు. మాడ్యూల్_లైసెన్స్ లైన్లో ఏముంది? అన్నింటికంటే ముఖ్యం, ఆ డ్రైవర్‌తో మాట్లాడే ప్రోగ్రామ్ సోర్స్ నీ దగ్గర ఉందా, ఉత్త బైనరీయేనా? దారి దాన్నిబట్టే తేలుతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

నా మాట వినండి, ఆ కార్డు తీసి పక్కన పెట్టి ఒక పీఎల్‌సీ (ఫ్యాక్టరీ మిషన్లు నడిపే ప్రత్యేక కంట్రోలర్) పెట్టేయండి. నేను బేతంచెర్ల వైపు ఇలాంటి లైన్లు చూస్తుంటాను. దుమ్ము, వోల్టేజీ ఎక్కువ తక్కువలు, ఎండాకాలం వేడి అన్నీ తట్టుకునేది అదే. కెర్నల్ డ్రైవర్ రాసి దాని మీద మోటర్లు నడపడమంటే రేపు నువ్వు ఊళ్లో లేనప్పుడు ఎవరు చూస్తారు?

పెన్నాగట్టు (తాడిపత్రి)

గండికోట అన్నా, కార్డును పీసీఐకి కలిపే బ్రిడ్జి చిప్ పీఎల్ఎక్స్ 9052. ఐడీ 10బీ5:9050 అని వస్తోంది, సబ్‌సిస్టమ్ ఐడీ మాత్రం కార్డు కంపెనీదే. దాని పక్కన 82సీ55ఏ చిప్‌లు రెండు, అంటే 8255లే, ఒక్కోదానికి ఏ, బీ, సీ అని ఎనిమిదేసి లైన్ల పోర్టులు మూడు. లైసెన్స్ లైన్లో జీపీఎల్ (కోడ్‌ను మార్చి పంచుకోనిచ్చే లైసెన్స్) అనే ఉంది, ఫైలు పైన కూడా జీపీఎల్ నోటీసు పూర్తిగా ఉంది. ప్రోగ్రామ్ మాత్రం బైనరీయే, అదీ 32 బిట్. రాసినాయన ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

బురుజు అన్నా, మీరు చెప్పింది నిజమే. ఓనరు కూడా పీఎల్‌సీకి ఒప్పుకున్నాడు. కానీ కోత లెక్కలు, ఆర్డర్లు, మిషన్ వరుస అంతా ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంది. మొత్తం మార్చాలంటే లైను ఆపాలి. సీజన్ అయ్యేదాకా కుదరదు. అందాకా కొత్త బోర్డు మీద నడిస్తే చాలు.

గండికోట64 (కడప)

లైసెన్స్ నిజంగా జీపీఎల్ కావడం మంచిదైంది. పరికరం ఫైళ్లు తయారుచేసే క్లాస్_క్రియేట్ లాంటివి జీపీఎల్ మాడ్యూళ్లకే దొరుకుతాయి. అందుకని కొందరు కంపెనీ సొంత కోడ్‌లో ఆ ఒక్క లైను మార్చేసి బిల్డ్ చేస్తారు. ఆ పని తప్పు. నీకు ఆ ఇబ్బంది లేదు.

ఇక కోడ్. కంపైలర్ చూపించేవి సులువైనవి. కాన్ఫిగ్.హెచ్ లైను తీసెయ్, __డెవ్‌ఇనిట్ లాంటివి తీసెయ్. ఎస్ఏ_షిర్క్ బదులు ఐఆర్‌క్యూఎఫ్_షేర్డ్. ఇంటరప్ట్ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) హ్యాండ్లర్‌కు మూడో ఆర్గ్యుమెంట్ 2.6.19లోనే పోయింది. హ్యాండ్లర్‌ను క్యాస్ట్ చేసి కంపైలర్ నోరు నొక్కొద్దు, ఆ ఆర్గ్యుమెంట్‌ను నిజంగా తీసెయ్. పాత టైమర్ పద్ధతి 4.15తో పోయింది. టైమర్_సెటప్‌కు మార్చి, హ్యాండ్లర్ లోపల ఫ్రమ్_టైమర్‌తో నీ స్ట్రక్చర్‌ను పట్టుకో.

నాకు భయం కంపైలర్ చూపించని దాని గురించే. 2.6.18లో పాత ఐఓసీటీఎల్‌ను కెర్నల్ పిలిచేటప్పుడు బిగ్ కెర్నల్ లాక్ పట్టుకొని పిలిచేది. అంటే రెండు ప్రాసెస్‌లు ఒకేసారి నీ డ్రైవర్‌లోకి వచ్చినా ఒకటి బయటే ఆగేది. డ్రైవర్ రాసినవాళ్లు దాన్ని నమ్ముకొని సొంత లాక్ పెట్టలేదు. ఆ ఫీల్డ్ 2.6.36లో పోయింది, లాక్ 2011లో 2.6.39తో పూర్తిగా పోయింది. ఇప్పుడు నువ్వు అన్‌లాక్డ్_ఐఓసీటీఎల్ అని పేరు మార్చి, ఇనోడ్ ఆర్గ్యుమెంట్ తీసేస్తే శుభ్రంగా కంపైల్ అవుతుంది, పనీ చేస్తుంది. కానీ లాక్ లేదు.

దాంతో ఏమవుతుందో చూడు. పోర్ట్ ఏలో ఎనిమిది రిలేలు. డ్రైవర్ దగ్గర దాని కాపీ ఒక బైటు ఉంటుంది. నీళ్ల మోటర్ బిట్ మార్చాలంటే ఆ బైటు చదివి, ఒక బిట్ మార్చి, మళ్లీ పోర్టుకు రాస్తుంది. ఆ మధ్యలోనే ఇంకో ప్రాసెస్ వచ్చి అదే బైటు చదివి పాలిష్ హెడ్ బిట్ మార్చి రాసిందనుకో. వెనకాల మొదటి ప్రాసెస్ తన పాత కాపీని రాసేస్తుంది. పాలిష్ హెడ్ బిట్ పోయింది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు. వారానికి ఒకసారి హెడ్ దిగలేదని ఆపరేటర్ చెప్తాడు, నువ్వు రిలే మార్చి చూస్తావు, వైరు మార్చి చూస్తావు.

కాబట్టి ఆ చదివి మార్చి రాసే చోట సొంత లాక్ పెట్టు. ఇంటరప్ట్ హ్యాండ్లర్ గానీ టైమర్ గానీ ఆ బైటును ముట్టుకుంటుంటే స్పిన్‌లాక్ ఐఆర్‌క్యూసేవ్ (ఇంటరప్ట్‌లను ఆపి పట్టే లాక్) పెట్టాలి, పడుకోబెట్టే లాక్ అయిన మ్యూటెక్స్ కుదరదు.

కొత్తవాడు (ప్రొద్దుటూరు)

అన్నా, నేను ఈసీఈ మూడో ఏడాది. ఒక సందేహం. పోర్ట్ సీకి ఒక్క బిట్‌నే సెట్, రీసెట్ చేసే పద్ధతి 8255లో ఉంది కదా. దాన్ని వాడితే లాక్ అక్కర్లేదేమో?

గండికోట64 (కడప)

మంచి ప్రశ్న. పోర్ట్ సీకి పనికొస్తుంది, అక్కడ పాత విలువ చదవాల్సిన పనే లేదు. కానీ ఏ, బీ పోర్టులకు ఆ సౌకర్యం లేదు. పైగా డ్రైవర్ కాపీ కూడా సరిగ్గా ఉండాలి కదా, లాక్ ఎలాగూ తప్పదు.

ల్యాబ్ అక్క (అనంతపురం)

నేను మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చెప్తాను. కెర్నల్ సంగతి గండికోట గారికి వదిలేస్తున్నాను. 8255 గురించి మాత్రం ఒక ముఖ్యమైన మాట.

80హెచ్ (హెక్స్ సంఖ్య) కంట్రోల్ వర్డ్ రాస్తే మూడు పోర్టులూ అవుట్‌పుట్ అవుతాయని అందరూ బట్టీపడతారు. ఆ రాతతోనే అవుట్‌పుట్ లాచ్‌లన్నీ (పోర్టు విలువను పట్టి ఉంచేవి) సున్నా అయిపోతాయన్నది గుర్తుపెట్టుకోరు. మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కూ చేసి చూపిస్తాను. పోర్ట్ ఏలో ఎల్ఈడీలు వెలిగించమంటాను, తర్వాత పోర్ట్ బీని ఇన్‌పుట్‌గా మార్చమంటాను. ఏను ఎవరూ ముట్టుకోరు, అయినా దాని ఎల్ఈడీలన్నీ ఆరిపోతాయి. పిల్లలు ముందు వైరు లూజయిందనుకుంటారు.

పెన్నాగట్టు, నీ రిలే బోర్డు ఎటువంటిది? ఒకటి ఇస్తే పడుతుందా, సున్నా ఇస్తే పడుతుందా?

పెన్నాగట్టు (తాడిపత్రి)

సున్నా ఇస్తే పడుతుందక్కా. ఆప్టో కప్లర్ ఉన్న బోర్డు.

ల్యాబ్ అక్క (అనంతపురం)

అయితే డ్రైవర్ లోడ్ అయ్యేటప్పుడు 80హెచ్ రాయగానే అన్ని రిలేలకూ పడమని చెప్పినట్టే. పాత కోడ్‌లో ప్రోబ్ ఫంక్షన్ (కార్డు దొరకగానే నడిచేది) చూడు, ఆ రాత వెనకాలే ఏముంది?

పెన్నాగట్టు (తాడిపత్రి)

చూశానక్కా. కంట్రోల్ రిజిస్టర్‌కు 80హెచ్, ఆ వెంటనే మూడు పోర్టులకూ ఎఫ్ఎఫ్‌హెచ్, అంటే అన్నీ ఒకట్లు. నాలుగు అవుట్‌బీలు (పోర్టుకు బైటు రాసేవి) వరుసగా ఉన్నాయి. కామెంట్ ఏమీ లేదు.

ల్యాబ్ అక్క (అనంతపురం)

అదే దాని ప్రాణం. నాలుగు రాతలూ మైక్రోసెకన్లలో అయిపోతాయి. రిలే ఆర్మేచర్ కదలడానికి మిల్లీసెకన్లు కావాలి, కాబట్టి అది కదిలేలోపే ఒకట్లు వచ్చేస్తాయి. నువ్వు కొత్తగా రాసేటప్పుడు శుభ్రంగా ఉంటుందని మోడ్ పెట్టడం ప్రోబ్‌లో, విలువలు రాయడం ఓపెన్‌లో పెట్టావనుకో, ప్రోగ్రామ్ తెరిచేదాకా కోత మిషన్, నీళ్లు అన్నీ ఆన్‌లోనే ఉంటాయి. మనిషి చెయ్యి బ్లేడు దగ్గర ఉంటే?

ఆ నాలుగు రాతల మధ్య ఏదీ పెట్టొద్దు. ప్రింట్ కూడా వద్దు. ఎందుకలా ఉందో పైన కామెంట్ రాయి, నీ తర్వాత వచ్చేవాడు తెలియక విడదీయకుండా. టెస్టింగ్ అంతా ఎల్ఈడీ బోర్డు మీదే. కాంటాక్టర్ల (మోటర్లకు కరెంటు ఇచ్చే పెద్ద రిలేల) సప్లై వేరే స్విచ్ మీద ఉంచి, డ్రైవర్ లోడ్ అయ్యాకే అది వేసేటట్టు చేయి. ఎమర్జెన్సీ స్టాప్ ఈ కార్డు గుండా పోతుంటే ముందు దాన్ని విడగొట్టి కాంటాక్టర్ కాయిల్‌కే నేరుగా ఇవ్వు. సాఫ్ట్‌వేర్‌ను నమ్మి ఆ పని చేయకూడదు.

గండికోట64 (కడప)

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. ఆ నాలుగు రాతలనూ స్పిన్‌లాక్ ఐఆర్‌క్యూసేవ్ లోపల పెట్టు. కెర్నల్ మధ్యలో ఇంకో పనికి పోయే అవకాశం కూడా ఉండదు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

ఎమర్జెన్సీ స్టాప్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇది నేను చాలా చోట్ల చూశాను, స్టాప్ బటన్ కంప్యూటర్‌కు ఇన్‌పుట్‌గా ఇచ్చి వదిలేస్తారు. తమ్ముడూ, వేరే ఏ పని చేసినా చేయకపోయినా అది మాత్రం ఈ వారమే చూడు.

డ్రైవర్ గోల లేకుండా ఇంకో దారి. సెంట్ఓఎస్ 5ను అలాగే ఒక వర్చువల్ మెషిన్‌లో పెట్టి, కార్డును దానికి పాస్‌త్రూ చేస్తే, అంటే నేరుగా అప్పగిస్తే? పాత డ్రైవర్, పాత ప్రోగ్రామ్ ఏమీ ముట్టుకోనక్కర్లేదు.

గండికోట64 (కడప)

ఆలోచన బాగుందన్నా, నేనూ అదే అనుకున్నాను. బోర్డులో ఐఓఎంఎంయూ (కార్డు ఏ మెమరీని ముట్టుకోవచ్చో అదుపు చేసేది) ఉండాలి. ఉన్నా, ఇలాంటి పాత పీసీఐ స్లాట్లు ఒక బ్రిడ్జి వెనకాల ఉంటాయి కాబట్టి ఆ బ్రిడ్జి కిందున్నవన్నీ ఒకే గుంపుగా పోవాలి. ఇంకొకటి, కార్డుకు ఇంటరప్ట్‌ను తనంతట తాను ఆపుకునే పీసీఐ 2.3 సౌకర్యం లేకపోతే ఆ ఇంటరప్ట్ లైను దానికొక్కదానికే కావాలి. యూఎస్‌బీతో పంచుకుంటే కుదరదు. తమ్ముడు ఒకసారి ప్రోక్ ఇంటరప్ట్స్ చూసి చెప్పాలి.

పెన్నాగట్టు (తాడిపత్రి)

యూఎస్‌బీ కంట్రోలర్, కార్డు రెండూ ఒకే లైను మీద ఉన్నాయన్నా. బయోస్‌లో మార్చడానికి ఏమీ లేదు. స్లాట్ ఒక్కటే.

గండికోట64 (కడప)

అయితే ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఇంకొకటి చూడు. మీ పాత హ్యాండ్లర్ ఎప్పుడూ ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్ (ఈ ఇంటరప్ట్ నాదే) అనే తిరిగిస్తోందా? పాత బోర్డులో లైను కార్డుకొక్కదానికే ఉంటే నడిచింది. ఇప్పుడు పంచుకుంటున్నావు కాబట్టి ముందు పీఎల్ఎక్స్ చిప్ ఇంటరప్ట్ స్టేటస్ చదవాలి, ఆ రిజిస్టర్ 4సీహెచ్ ఆఫ్‌సెట్‌లో ఉంటుంది. మనది కాకపోతే ఐఆర్‌క్యూ_నన్ ఇవ్వాలి. అలాగే ఐడీ పట్టికలో 10బీ5:9050 ఒక్కటే రాయొద్దు, అది బ్రిడ్జి చిప్ ఐడీ. అదే చిప్ ఉన్న వేరే కార్డు ఏది పెట్టినా మన డ్రైవర్ వెళ్లి దాన్ని పట్టుకుంటుంది. సబ్‌వెండర్, సబ్‌డివైస్ కూడా రాయి.

కొత్తవాడు (ప్రొద్దుటూరు)

అన్నా, ఇదంతా చదువుతుంటే ఒకటి అర్థం కావడం లేదు. కెర్నల్ వాళ్లు ఇట్లా ఫంక్షన్లు మారుస్తూ పోవడం దేనికి? విండోస్‌లో అయితే పాత డ్రైవర్లు నడుస్తాయి కదా.

గండికోట64 (కడప)

అక్కడా అన్నీ నడవవు తమ్ముడూ. ఎక్స్‌పీ కాలం 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లో లోడే కాదు.

లినక్స్‌లో మాట రెండు రకాలు. బయటి ప్రోగ్రామ్‌లకు ఇచ్చిన సిస్టమ్ కాల్స్‌ను చెడగొట్టరు, అందుకే పెన్నాగట్టు దగ్గరున్న 32 బిట్ బైనరీ ఇప్పటికీ లేచి నడుస్తుంది. కెర్నల్ లోపలి ఫంక్షన్లకు మాత్రం అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేదు. కెర్నల్ నిర్వాహకుల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ దీని మీద రాసిన పత్రం కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, చదువు. కారణాలు వట్టివి కావు. ఇంటరప్టిబుల్_స్లీప్_ఆన్‌నే తీసుకో. డ్రైవర్ జెండా చూసి, ఇంకా రాలేదని పడుకోబోతుంది. ఆ సందులో ఇంటరప్ట్ వచ్చి లేపేసి పోతుంది. ఇది ఆ తర్వాత పడుకుంటుంది, ఇక లేపేవాడు లేడు. ఆ ఫంక్షన్‌ను సరిగ్గా వాడడం దాదాపు కుదరదు, అందుకే 3.15లో తీసేశారు. వెయిట్_ఈవెంట్_ఇంటరప్టిబుల్ అయితే షరతును తానే మళ్లీ చూసుకుంటుంది.

ఇంకొకటి. లోపలి ఫంక్షన్ మార్చినవాళ్లే కెర్నల్ చెట్టులో (అధికారిక సోర్స్‌లో) ఉన్న డ్రైవర్లన్నిటినీ సరిచేయాలి. 4.15కు ముందు టైమర్లను మార్చినప్పుడు కీస్ కుక్ తదితరులు కాక్సినెల్ అనే పరికరంతో చెట్టంతా తిరగేసి మార్చారు. ఈ డ్రైవర్ కూడా ఆ రోజు చెట్టులో ఉండుంటే మన చేతికి రాకుండానే ఎవరో టైమర్ భాగం మార్చి ఉండేవారు. సీడీలో ఉండిపోయిన కోడ్‌ను ఎవరు చూస్తారు?

ల్యాబ్ అక్క (అనంతపురం)

ఆ మాటకొస్తే చెట్టులో ఇప్పటికే కొమెడి (ఇలాంటి ఇన్‌పుట్ అవుట్‌పుట్ కార్డుల డ్రైవర్ల సముదాయం) ఉంది కదా. చాలా ఏళ్లు స్టేజింగ్‌లో (ఇంకా సిద్ధం కాని కోడ్ ఉంచే చోట) ఉండి 2021లో 5.13తో అసలు డ్రైవర్ల కిందికి వచ్చింది. అందులో 8255 కార్డుల కోసమే పీసీఐ డ్రైవర్ ఉంది. ఈ కార్డు ఐడీని దాని పట్టికలో చేర్చి, బోర్డు వివరాలు నాలుగు లైన్లు రాస్తే చాలునేమో. పాత బైనరీ కోసం క్యూస్ వాడవచ్చు. అది యూజర్ ప్రోగ్రామ్ నుంచే క్యారెక్టర్ డివైస్‌ను సృష్టించే సౌకర్యం, ఐఓసీటీఎల్‌లు కూడా తీసుకుంటుంది. పాత పేరుతో డివైస్ కనబడుతుంది, వెనకాల కొమెడి పని చేస్తుంది. కెర్నల్‌లో మన సొంత కోడ్ దాదాపు ఉండదు.

గండికోట64 (కడప)

దీర్ఘకాలానికి నేనూ అదే ఒప్పుకుంటానక్కా. కానీ రెండు అడ్డంకులు. కొమెడి 8255ను మొదలుపెట్టేటప్పుడు పోర్టులన్నీ ఇన్‌పుట్‌గా పెడుతుంది, ఆ తర్వాత మనం అవుట్‌పుట్‌గా మారుస్తాం. మారిన క్షణానికీ ఒకట్లు రాసే క్షణానికీ మధ్య యూజర్ ప్రోగ్రామ్ దూరుతుంది. మీరే చెప్పిన ప్రమాదం మళ్లీ వస్తుంది. రెండోది, లిమిట్ స్విచ్ ఇంటరప్ట్ కోసం ఈ ప్రోగ్రామ్ రీడ్‌లో పడుకొని ఉంటుందనుకుంటా. సీజన్ దాకా పాత డ్రైవర్‌నే తేవడం మేలు, కొమెడి పని బెంచ్ మీద తీరిగ్గా చేయొచ్చు.

ల్యాబ్ అక్క (అనంతపురం)

సున్నాకు పడే రిలే బోర్డు ఉన్నన్నాళ్లూ నువ్వన్నది నిజం. బోర్డు మారిస్తే అడ్డంకి పోతుంది. పీఎల్‌సీ వచ్చేదాకానే కదా, సరే.

పెన్నాగట్టు (తాడిపత్రి)

డ్రైవర్ కంపైలై లోడ్ అయింది. ఎల్ఈడీ బోర్డు మీద చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ రాసి చూస్తే లైన్లన్నీ సరిగ్గా వెలుగుతున్నాయి. కానీ ఫ్యాక్టరీ ప్రోగ్రామ్ లేచి, డివైస్ తెరిచి, మొదటి ఐఓసీటీఎల్‌కే ఆగిపోతోంది. సిస్టమ్ కాల్స్ చూపే ఎస్‌ట్రేస్‌లో ఈనాట్‌టీటీవై ఎర్రర్, అంటే ఆ ఆదేశం తెలియదని. ఐ386 లైబ్రరీలన్నీ వేశాను.

గండికోట64 (కడప)

నీ టెస్ట్ ప్రోగ్రామ్ 64 బిట్, అది 32 బిట్. డ్రైవర్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌ల కోసం ఉండే కంపాట్_ఐఓసీటీఎల్ లేకపోతే 32 బిట్ ప్రాసెస్‌కు అదే ఎర్రర్ వస్తుంది. హెడర్‌లో ఆ స్ట్రక్చర్ ఎలా ఉంది? అన్‌సైన్డ్ లాంగ్ ఉందా?

పెన్నాగట్టు (తాడిపత్రి)

ఉందన్నా. పోర్టు నంబరు ఇంట్, మాస్క్, విలువ రెండూ అన్‌సైన్డ్ లాంగ్.

గండికోట64 (కడప)

లాంగ్ అక్కడ 4 బైట్లు, ఇక్కడ 8. స్ట్రక్చర్ సైజు ఐఓసీటీఎల్ నంబరులోనే కలిసి ఉంటుంది కాబట్టి రెండు వైపులా నంబర్లే వేరయ్యాయి. డ్రైవర్ వైపు హెడర్‌లో ఆ రెంటినీ __యూ32 చెయ్. అప్పుడు సైజు, నంబరు, లోపలి అమరిక అన్నీ పాత బైనరీ అనుకున్నట్టే వస్తాయి. తర్వాత కంపాట్_ఐఓసీటీఎల్ ఫీల్డ్‌లో కంపాట్_పీటీఆర్_ఐఓసీటీఎల్ అని పెట్టు, 5.5 నుంచి ఉంది, నువ్వు వేరే ఫంక్షన్ రాయనక్కర్లేదు. స్ట్రక్చర్ లోపల పాయింటర్లు ఉంటే మాత్రం ఇది చాలదు, చూసుకో.

పెన్నాగట్టు (తాడిపత్రి)

పాయింటర్లు లేవు. మార్చాను, ప్రోగ్రామ్ పూర్తిగా లేచింది. రెండు కాపీలు ఒకేసారి పెట్టి ఒకే పోర్టులో వేర్వేరు బిట్లు రాత్రంతా కొట్టించాను. లాక్ తీసేసి నడిపితే కాసేపటికే బిట్ పోతోంది, లాక్ ఉంటే ఒక్కటీ పోలేదు. అన్న చెప్పింది కళ్లారా చూశాను. లోడ్ అయ్యేటప్పుడు రిలే బోర్డు తగిలించి, కాంటాక్టర్లు తీసేసి విన్నాను, ఒక్క రిలే కూడా టక్ అనలేదు. ఎమర్జెన్సీ స్టాప్ ఇప్పుడు నేరుగా కాయిల్స్‌కే పోతోంది బురుజు అన్నా, కంప్యూటర్‌కు సమాచారం కోసం ఒక లైను మాత్రం ఉంచాను.

కెర్నల్ మారినప్పుడు డ్రైవర్‌ను మళ్లీ బిల్డ్ చేసే డీకేఎంఎస్‌లో పెట్టాను. ఆదివారం లైను ఆపినప్పుడు కొత్త బోర్డు బిగిస్తాం. ప్యాచ్ ఇక్కడ పెడుతున్నాను, పాత జీపీఎల్ నోటీసు అలాగే ఉంచాను. డెబియన్ 13 వేస్తే ఏమైనా విరుగుతుందా?

గండికోట64 (కడప)

దాని కెర్నల్ 6.12. క్లాస్_క్రియేట్‌కు మొదటి ఆర్గ్యుమెంట్ దిస్_మాడ్యూల్ ఇచ్చావు కదా, అది 6.4లో పోయింది, కాబట్టి అక్కడ బిల్డ్ ఆగుతుంది. కెర్నల్ వెర్షన్ చూసి ఆ ఒక్క లైను వేరుగా రాయి. వేరే పెద్ద చిక్కు కనబడలేదు. ప్యాచ్ చదివాను, రిమూవ్ ఫంక్షన్‌లో టైమర్‌ను డెల్_టైమర్_సింక్‌తో ఆపాకే రిజిస్టర్లను వదులు, ఇప్పుడు వరుస తిరగబడి ఉంది. అది సరిచేసి బిగించు.

ల్యాబ్ అక్క (అనంతపురం)

కామెంట్ రాశావు, సంతోషం. పాత కార్డు ఇంకొకటి ఎక్కడైనా పడి ఉంటే మా ల్యాబ్‌కు ఇవ్వు. కొమెడి పట్టికలో చేర్చే పని ప్రొద్దుటూరు అబ్బాయితో చేయిస్తాను.

కొత్తవాడు (ప్రొద్దుటూరు)

నేను రెడీ మేడమ్. సెలవుల్లో వస్తాను.